ప్రభ మీద ధూమ్రకంఠుడు

రావిగుంటపాలెంలో ఎవరింటికి వెళ్ళి కూర్చున్నా ఒంటికి చల్లగా తగిలేది బక్కయ్య చేతి బండే. మాచర్ల నుంచి లారీలో నాపరాళ్ళు దిగాయంటే వాటిని పరిచే మేస్త్రి ఆయనే. అరుగు వేసినప్పుడు ఓ మూల ఒక బండను కాస్త ఎత్తుగా వేసి వదులుతాడు. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు అక్కడ కూర్చుంటే లేవడం తేలిక. ఎవరూ అడిగింది కాదు, ఆయన ఎవరికీ చెప్పిందీ కాదు. ఏ ఇంటి ముసలమ్మ అయినా వెతుక్కుంటూ పోయి ఆ మూలనే చతికిలబడుతుంది, అంతే.

ఆయనకున్న చిక్కల్లా ముఖంతోనే. హాస్యమాడినా అదే ముఖం, వేదాంతం చెప్పినా అదే ముఖం. “బక్కయ్యా, బండ వంకరగా ఉందే” అంటే, “బండ సరిగ్గానే ఉంది, మీ ఇల్లే వంకర” అంటాడు. పెదవి కదలదు, కన్ను మెరవదు. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుంటారు. అలా నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఒక అలవాటు పాతుకుపోయింది: బక్కయ్య నోరు విప్పితే ముందు నవ్వేయాలి, అసలు సంగతి ఆనక చూసుకోవచ్చు.

ఈ అలవాటే ఆ ఏడు శివరాత్రికి ఊరి మీదికి తంటా తెచ్చింది.

కోటప్పకొండ తిరునాళ్ళకు ఆ చుట్టుపక్కల ఊళ్ళు ప్రభలు కట్టుకుపోతాయి. బండి మీద తాటిచెట్టును తలదన్నే కర్రల చట్రం నిలబెట్టి, రంగుగుడ్డలు చుట్టి, బొమ్మలు కట్టి, బల్బులు తగిలించి, నాలుగు వైపులా మోకులు పట్టుకుని ఒరిగిపోకుండా నడిపించుకుపోవడమంటే పిల్లల ఆట కాదు. ప్రభకు పైన కొండమీది శివుడు, అందరూ కోటయ్య అని పిలుచుకునే త్రికోటేశ్వరస్వామి బొమ్మ ఉంటుంది. దాని గురించి పేచీ లేదు. దానికింద ఊరికి నచ్చిన మరో బొమ్మ ఉంటుంది. పేచీ అంతా దానిదే. పై బజారు కుర్రాళ్ళకు ఒక సినిమా హీరో కావాలి, కింది బజారువాళ్ళకు మరో హీరో కావాలి. కిందటేడు ఈ తగువు చిలికి చిలికి గాలివానై, కట్టిన చట్రం కట్టినట్టే ఊరి చివర పడుకుంది. ప్రభ కదల్లేదు. ముందు మోకు పట్టే బక్కయ్య ఆ రాత్రి జాగారం ఆ కర్రల పక్కనే చేశాడు. “రెండేళ్ళు వరసగా ఆగిన ప్రభ మూడో ఏడు లేవదు” అని పెద్దవాళ్ళు అనే మాట ఆయన చెవుల్లో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఇక టీవీ సంగతి.

బక్కయ్య కోడలు కోటేశ్వరి సాయంత్రం ఏడింటికి ‘సప్తదుర్గం’ చూడకపోతే అన్నం సహించదు. ఏడు కోటలు, రెక్కల గుర్రాలు, మాట్లాడే కత్తులు, అడుగడుక్కీ ఉరుములు. మిరపకాయల రాశి ముందేసుకుని తొడిమలు తీస్తూ ఆమె చూస్తుంటుంది. బక్కయ్య పనినుంచి వచ్చి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మజ్జిగ గ్లాసుతో వచ్చి, ఇంట్లోనూ ఓ మూల వేసుకున్న ఎత్తుబండ మీద కూర్చుంటాడు. అయితే పావుగంటే. శివాలయంలో హారతివేళ గంట కొట్టేది ఆయనే కనుక మొదటి ప్రకటనలు రాగానే కండువా దులుపుకుని లేస్తాడు.

ఆ కథ తీసినవాళ్ళు ప్రతినాయకుణ్ణి చాలా ముచ్చటపడి తీర్చారు. పేరు ధూమ్రకంఠుడు. ప్రతిరోజూ కథ మొదలయ్యేది ఆయనతోనే. చుక్క పొడిచే వేళకు ఏట్లో మునుగుతాడు. నుదుట మూడు విభూతిరేఖలు దిద్దుకుంటాడు. ఏనుగంత నల్లటి లింగానికి తన భుజాన కడవలు మోసుకొచ్చి అభిషేకం చేస్తాడు. చూపులేని తల్లి కాళ్ళకు మొక్కుతాడు. తినబోయే ముందు మొదటి ముద్ద భుజం మీది కాకికి పెడతాడు. ఇదంతా అయ్యాక ప్రకటనలు వస్తాయి. సబ్బులూ నూనెలూ అయిపోయాక అదే ధూమ్రకంఠుడు కోట బురుజెక్కి నోరు తెరుస్తాడు. గొంతులోంచి నల్లటి పొగ లేచి, ఊళ్ళకు ఊళ్ళు భగ్గుమంటాయి. ముద్ద తిన్న కాకి వేగులవాడు. ఏ ఊరు తగలబెట్టాలో చెప్పేది అదే.

కానీ ఆ వేళకు బక్కయ్య గుళ్ళో గంట కొడుతుంటాడు.

కథానాయకుడైన యువరాజు విజయార్కుణ్ణి ఆయన చూడలేదని కాదు, నిన్నటి కథ గుర్తుచేస్తూ మొదట్లో వేసే ముక్కల్లో ఎక్కడో మంటలార్పుతూ కనిపిస్తాడు. చూశాడు, బూట్లతో గుడి మెట్ల మీదుగా పోతుంటే చూశాడు. గుర్రం మీద ఆపిలుపండు కొరుకుతుంటే చూశాడు. స్నానం చేస్తుండగా ఒక్కనాడూ చూడలేదు.

“ఏమ్మా కోటేశ్వరీ, ఈ పిల్లోడెవడు? యాడ మంటలంటుకున్నా అక్కడే తేలతాడు? వీడే అంటించి వీడే ఆర్పుతున్నట్టుంది.”

కోటేశ్వరి పకపకా నవ్వి, మిరపకాయల చెయ్యి కంట్లో పెట్టుకుంది. “మామా, నవ్వించబాకు! కళ్ళు మండి చస్తున్నా.”

“నవ్వేదేముంది? ఆ విభూతాయన మటుకు చానా మంచోడు. కాకికి పెట్టందే తినడు.”

కోటేశ్వరి ఇంకా నవ్వింది. భార్య నాగమ్మ గోడకు జారగిలి కునుకు తీస్తూనే నవ్వింది. బక్కయ్య గుడికి పోయాడు.

శివరాత్రి నెలరోజుల్లో ఉందనగా ప్రభ కమిటీ పెద్ద మస్తాన్‌రావు బడి ఆవరణలో ఊరినంతటినీ కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టడమే ఆలస్యం, రెండు బజార్లవాళ్ళూ లేచి నిలబడ్డారు.

“మా వోడి బొమ్మ లేకపోతే ఒక్క చెయ్యి మోకు మీద పడదు!”

“మీ వోడి బొమ్మ ఉంటే మా చేతులు జేబుల్లోనే ఉంటయ్యి!”

మస్తాన్‌రావు చేతులు జోడించాడు. “అయ్యా, మీ ఇద్దరి కాళ్ళకూ మొక్కుతా. బక్కయ్య మామ ఇరవై ఏళ్ళబట్టి ముందు మోకు పడతన్నాడు. ఆయన ఎవరి బొమ్మ చెబితే అదే. సరేనా?”

రెండు వైపులా గొణిగారు గానీ కాదనలేదు. బక్కయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

“మీ హీరోలిద్దరూ వద్దు నాయనా. టీవీలో ధూమ్రకంఠుడున్నాడే, ఆయన బొమ్మ పెట్టండి. దినామూ శివపూజ చేస్తాడు, తల్లికి మొక్కుతాడు. కోటయ్య దగ్గరకు పోవాల్సినోడంటే ఆయనే.”

మరుక్షణం బడి పైకప్పు ఎగిరిపోయినంత పనైంది. ఈలలు, కేకలు, గాల్లోకి తువ్వాళ్ళు! పై బజారువాడు కింది బజారువాణ్ణి కావలించుకున్నాడు. తిరునాళ్ళకు వచ్చే ప్రభలన్నింటి మీదా హీరోలే. విలన్ని ఎక్కించిన ఊరు ఇంతవరకు లేదు!

“ఏం కొట్టావు తాతా! తిరునాళ్ళంతా మన ప్రభ ముందే ఉంటది చూడు!”

బక్కయ్యను భుజాల మీదికెత్తి బజారంతా తిప్పారు. ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ కాలప్పిల్లల్లో ఇంత భక్తి ఉందా అనుకున్నాడు. వాళ్ళు దించగానే నేరుగా శివాలయానికి వెళ్ళి గంట కొట్టి మొక్కుకున్నాడు: “కోటయ్యా, నీ భక్తుణ్ణి ప్రభ మీద కూర్చోబెట్టుకుని నీ కొండకు తీసుకొస్తా. దారిలో ఏ ఆటంకమూ రానీయబాకు.”

బొమ్మ వేయడానికి నరసరావుపేట నుంచి జాన్ సాహెబ్ వచ్చాడు. అన్ని ఊళ్ళూ ఫ్లెక్సీలకు ఎగబడుతున్నా రావిగుంటపాలేనికి ఇంకా చేతిబొమ్మే కావాలి. జాన్ సాహెబ్ చెప్పులు దూరంగా విడిచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని గానీ బ్రష్షు పట్టడు. అది దేవుడి బొమ్మ అయినా సరే, పాలప్యాకెట్ల ప్రకటన అయినా సరే. బక్కయ్యా ఆయనా అన్నదమ్ముల్లా మసలుకుంటారు. శివరాత్రి ఇంకో వారం ఉందనగా బక్కయ్య ఆయనకు చెంబుతో మజ్జిగ తీసుకుని రైసుమిల్లు షెడ్డుకు వెళ్ళాడు.

గుడ్డ మీద ధూమ్రకంఠుడు నడుము దాకా లేచి ఉన్నాడు. పాదాల చుట్టూ ఎర్రరంగు.

“ఏంది తమ్ముడా, హోమమా?”

“హోమమేందన్నా? ఊళ్ళు.”

“ఎవురి ఊళ్ళు?”

“ఎవురివైతే ఏంది, ఈయన తగలబెట్టినయ్యి. మాటొచ్చింది గనక అడుగుతున్నా, నోట్లోంచి పొగ ఎంత పొడుగు పెట్టమంటావు? సాల్మన్ రాజు ఆ నోటికాడ పొగ మిషను బిగిస్తానంటున్నాడు. నిజం పొగ! జనం చావాల్సిందే!”

సాల్మన్ రాజు ప్రభలకు జనరేటరూ దీపాలూ కట్టే కుర్రాడు. వాడు ఏది బిగించినా ఊరు అదిరిపోవలసిందే.

బక్కయ్య చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “ఈయన ఊళ్ళు తగలబెట్టడమేందయ్యా? ఈయన మంచోడు గదా!”

జాన్ సాహెబ్ అలవాటుకొద్దీ పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ బక్కయ్య చేతిలోని చెంబు వంక చూశాడు. మజ్జిగ తొణికి మట్టి మీద పడుతోంది. నవ్వు ఆపేశాడు. బ్రష్షు కింద పెట్టి, ఒక రంగు డబ్బా బోర్లించి ఆయన్ను కూర్చోబెట్టి, ఆయన తెచ్చిన మజ్జిగే ఆయన చేత తాగించాడు. ఆ తర్వాత కథంతా మెల్లగా చెప్పాడు, పొగ, కాకి, కాలిన ఊళ్ళు, అన్నీ.

“ఈ సంగతి నా నోటెంట బయటికి రాదన్నా. నువ్వు తెలిసే అన్నావని ఊరనుకుంటోంది. అనుకోనీ.”

“ఊరు కాదు తమ్ముడా, కోటయ్య. నీ భక్తుణ్ణి తెస్తానని గంట కొట్టి మరీ చెప్పా. ఇప్పుడు రాక్షసుణ్ణి ఎట్టా తీసుకుపోను? పోనీ ఈ బొమ్మ వద్దంటే, తెల్లారేసరికి బజార్లు రెండూ కర్రలు తీస్తాయి. ప్రభ మళ్ళీ పడుకుంటది. రెండో ఏడు.”

జాన్ సాహెబ్ ఖాళీ చెంబు అందుకున్నాడు. “ఒక్కసారి మొత్తం చూడన్నా. చూడకుండా మంచోడన్నావు. చూడకుండానే చెడ్డోడని కూడా ఎందుకనాలి?” అన్నాడు.

ఆ సాయంత్రం గంట కొట్టడానికి నాగమ్మను పంపి బక్కయ్య టీవీ ముందు కూర్చున్నాడు. గుళ్ళో గంట ఆడచేతి గంటలా మోగేసరికి వీధికంతా అనుమానమొచ్చింది. “మామకు ఒంట్లో బాగాలేదా?” అంటూ ఒకళ్ళు, వాళ్ళ వెనక ఇంకొకళ్ళు, చూస్తుండగానే ఇల్లు నిండిపోయింది. మస్తాన్‌రావు వచ్చాడు. రెండు బజార్ల కుర్రాళ్ళూ వచ్చారు. సాల్మన్ రాజు కిటికీ ఎక్కాడు. జాన్ సాహెబ్ గుమ్మంలో నిలబడ్డాడు.

అప్పటికే టీవీలో స్నానం అయింది. పూజ అయింది. కాకి ముద్ద తిన్నది. సబ్బులూ నూనెలూ అయ్యాయి. ధూమ్రకంఠుడు బురుజెక్కి నోరు తెరిచాడు.

“ఒరేయ్ ఒరేయ్ ఒరేయ్!” బక్కయ్య ఎత్తుబండ మీంచి లేచి నిలబడ్డాడు. “ఇందాక విభూతి పెట్టుకున్నోడివి నువ్వేనా? గడ్డివాములంటుకుంటయ్యి, మూయరా నోరు! అయ్యో, గొడ్లు... ఆ గొడ్లను విప్పండ్రా ఎవురైనా!”

గుర్రమెక్కిన యువరాజు వచ్చి గొడ్లను విప్పాడు.

“బాబ్బాబు, నీ కడుపు చల్లగుండ! నిన్ను అనరాని మాటలన్నా నాయనా,” అని బక్కయ్య ఆయనకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

ధూమ్రకంఠుడు తల్లి దగ్గరకు వెళ్ళాడు. పొగ వాసన వస్తోందేమని తల్లి అడిగింది. హోమం చేశానమ్మా అన్నాడు.

“తల్లికీ అబద్ధమేనా? నేనూ హోమమే అనుకుంటిని గదరా, సన్నాసీ!”

అప్పటికి ఊరికి వెలిగింది. బక్కయ్య వేళాకోళమాడలేదు. నిజంగానే ఇన్నాళ్ళూ వాణ్ణి మహాభక్తుడనుకున్నాడు! ముందు కోటేశ్వరి కట్ట తెగినట్టు నవ్వింది. ఆ తర్వాత ఇక ఎవరి నవ్వు ఎవరిదో తెలియలేదు. కిటికీలోంచి సాల్మన్ రాజు జారి సరాసరి మిరపకాయల రాశి మీద పడ్డాడు. ఘాటు లేచింది. నవ్వేవాళ్ళంతా తుమ్ముతున్నారు, తుమ్మేవాళ్ళంతా నవ్వుతున్నారు. గంట కొట్టి వచ్చిన నాగమ్మ గుమ్మంలో నిలబడి, “ఏందయ్యా, గుడికి పోయొచ్చేలోపల ఇల్లు పిచ్చాసుపత్రి చేశారే!” అని తనూ ఓ తుమ్ము తుమ్మింది.

అప్పుడు జరిగింది అసలు వింత. బక్కయ్య ముఖం కదిలింది. ముందు బుగ్గలు, తర్వాత మీసం, తర్వాత భుజాలు. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉన్నవాళ్ళు కూడా చూడని నవ్వు అది. పళ్ళు లేని మూల కూడా కనిపించేలా నవ్వాడు.

“చానా తెలివైనోణ్ణే నేను! దొంగకు తాళాలిచ్చి, దొర మీద కేసు పెట్టా!”

నవ్వులు సద్దుమణిగాక పై బజారు కుర్రాడొకడు కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: “అయితే తాతా, పొరపాటన్నమాట. ఇక మా వోడి బొమ్మే పెట్టేద్దాం.”

“మీ వోడిదెందుకు? మా వోడిది!” కింది బజారు లేచింది. తుమ్ముల మధ్యనే చొక్కాలు పట్టుకున్నారు. మస్తాన్‌రావు తల పట్టుకున్నాడు. “అయిపోయింది. ఈ ఏడూ అయిపోయింది.”

“ఆగండర్రా,” అన్నాడు బక్కయ్య. ఆయన కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

కథలో ఆనాటి చివరి ఘట్టం నడుస్తోంది. ధూమ్రకంఠుడు ఒంటరిగా మళ్ళీ లింగం ముందుకొచ్చాడు. కడవ మీద కడవ కుమ్మరిస్తున్నాడు. మధ్యమధ్య గొంతు పట్టుకుని దగ్గుతున్నాడు. తల ఎత్తి లింగాన్ని చూడలేకపోతున్నాడు.

“వాడికి గొంతు మండుతోంది,” అన్నాడు బక్కయ్య నెమ్మదిగా. “రోజూ నీళ్ళు పోసేది అందుకే. మన కోటయ్యకు మాత్రం గొంతులో ఉన్నదేంది? విషమే గదా. ఆయన లోకానికి తగలకుండా గొంతులోనే ఆపుకున్నాడు. వీడికి ఆపుకోవడం చేతకాలా. చేతకానోడు ఎవరి దగ్గరికి పోయి నేర్చుకోవాల? ఆపుకున్నోడి దగ్గరికే గదా! మంచోళ్ళు మటుకే రావాలంటే తిరునాళ్ళకు జనమేరీ? కిందటేడు కర్రలు తీసిన మీరేరీ, వీణ్ణి చూడకుండా మెచ్చుకున్న నేనేడీ?”

చొక్కాలు పట్టుకున్న చేతులు మెల్లగా జారాయి.

“తీసుకొస్తానని మాటిచ్చా. తీసుకుపోదాం. కాకపోతే తమ్ముడా,” అంటూ జాన్ సాహెబ్ వైపు తిరిగాడు, “నోరు మూయించు. చేతులు జోడించు. కాళ్ళకాడ మంటలు చెరిపి ఏరు పారించు.”

“కాకినేం చేయమంటావన్నా?”

“కోటప్పకొండ మీద కాకి వాలదని మీ పేటలో తెలియదా? దాన్ని ఇంటికాడ వదిలి రమ్మను!”

“మరి నా పొగ మిషనో?” మిరపకాయలు దులుపుకుంటూ సాల్మన్ రాజు అడిగాడు. వాడి గొంతులో దిగులు చూసి నాగమ్మకు జాలేసింది.

“అందులో సాంబ్రాణి వేయి నాయనా. నోటికాడొద్దు, పైన సామి పాదాలకాడ పెట్టు. ఊరు ఊరంతా వాసనొస్తది.”

వాడు ఎగిరి గంతేశాడు. ఏడుపూ నవ్వూ తుమ్మూ కలిసిన ఆ రాత్రి రెండు బజార్లవాళ్ళూ బక్కయ్య అరుగు మీదే ఉప్మా తిన్నారు.

శివరాత్రినాడు ఎండ దిగుతుండగా ప్రభ లేచింది. పై బజారు కుడి మోకు పట్టింది, కింది బజారు ఎడమ మోకు పట్టింది. డప్పులు చెలరేగాయి. సాల్మన్ రాజు జనరేటరు గురగురలాడింది. పైన స్వామి, పాదాల దగ్గర తెల్లగా సాంబ్రాణి పొగ, కింద చేతులు జోడించిన ధూమ్రకంఠుడు. దారి పొడుగునా పిల్లలు ట్రాక్టర్ల మీంచి కేకలు పెట్టారు. “అరే, వాడేరా! నోరు మూసుకున్నాడేందిరా!” ప్రతి ఊరివాళ్ళూ ఇళ్ళల్లోంచి పరిగెత్తుకొచ్చారు. నవ్వని మనిషి లేడు, దణ్ణం పెట్టని మనిషీ లేడు.

“చేదుకో కోటయ్యా, చేదుకో!” బక్కయ్య ముందు మోకు భుజాన వేసుకుని అరుస్తుంటే ఆయన గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. బావిలోంచి చేదుకున్నట్టు నన్ను పైకి లాక్కో స్వామీ అని ఎన్ని తరాలుగానో అందరూ అరిచే అరుపే అది.

కొండ కనుచూపు మేరలోకి వచ్చినచోట, పొరుగూరి ముసలమ్మ ఒకామె పసుపునీళ్ళ బిందెతో దారి పక్కన నిలబడి ఉంది. వచ్చే ప్రతి ప్రభ ముందూ నేల మీద నీళ్ళు వారుపోయడం ఆమె మొక్కు. ఆమె తలెత్తి ఆ విభూతిరేఖలూ జోడించిన చేతులూ చూసి కళ్ళకద్దుకుంది.

“ఎంత కళగా ఉన్నాడయ్యా! ఎవరు నాయనా ఆ సామి?”

మోకు పట్టిన కుర్రాళ్ళు పెదవులు బిగబట్టి బక్కయ్య వంక చూశారు. బక్కయ్య మోకు బిగించి, ఒక్క నిమిషం ప్రభ ఆపించాడు.

“సామి కాదమ్మా. తప్పులు చేసినోడు. కొండకు పోవాలని ఇప్పుడే బయల్దేరాడు.”

ముసలమ్మ ఆయన ముఖం చూసింది. ఆ ముఖం సంగతి ఆమెకేం తెలుసు? నవ్వలేదు.

“అయితే వీడికి ఇంకో చెంబు ఎక్కువ పోయాలి,” అని బిందె వంచి, ఉన్న నీళ్ళన్నీ చక్రాల ముందు ధారగా పోసేసింది. బక్కయ్య తడిసిన మట్టిలో కాలు పెట్టి, “లాగండ్రా!” అన్నాడు.